తమ్ముడి గుండెకు అక్క మొక్కు

గోడాదరా, సూరత్
మార్చి నెల

అక్క కనకవ్వకు తమ్ముడు నరహరి దండాలు.

ఇన్నేళ్లు మరమగ్గాల మీద పనిచేసి, ఆ సాంచెల మోతకు నా చెవులు ఫోనుకు పనికిరాకుండా పోయాయి, అందుకే ఉత్తరం. అక్కా, ఇల్లు కొన్నాము. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, గాలి మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. శ్రావణంలో గృహప్రవేశం. ఆడపడుచువి, పాలు నువ్వే పొంగించాలి. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి. నువ్వు రాకుండా నేను ఆ గడప దాటను.

మొన్న కార్ఖానాలో డాక్టర్లు అందరినీ చూశారు. తీరిగ్గా కూర్చోబెట్టి నాడి పట్టుకుంటే నాది నిమిషానికి యాభై నాలుగు. డాక్టరమ్మ నమ్మక మళ్లీ లెక్కపెట్టింది.

నీ రాక కోసం చూసే
నరహరి

తా.క.: ఆ అంకె కార్ఖానాలో ఇంకెవరికీ రాలేదు. సేఠు పిలిచి మరీ చాయ్ తాగించాడు.

కొండాపూర్, సిరిసిల్ల జిల్లా
ఏప్రిల్

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇప్పుడు నీకు దీవెనలే కావాలి.

సేఠు చాయ్ తాగించాడని చదవగానే నాకు భయం పట్టుకుంది. వాళ్లు ఊరికే తాగిస్తారా? మన ఆశా వర్కర్ స్వరాజ్యాన్ని పిలిచి నా నాడి చూపించుకున్నాను. తొంభై రెండు! ముసలిదాన్ని నాకే అంతుంటే నీకు యాభై నాలుగేమిటి? మనిద్దరం సాంచెల మీద బతికినవాళ్లం. తిప్పే బెల్టు పట్టా వదులైతేనే కదా సాంచె మెల్లబడేది. నువ్వు పని మానేసి ఊరికి రా, నేను వండిపెడతాను.

నేను అక్కడికి రాలేను. బ్యాంకు మెట్లకే మధ్యలో కూలబడుతున్నాను, మూడంతస్తులు నా వల్ల కాదు. పాలు నీ పెళ్లాం మంగ పొంగిస్తుందిలే. ఈ మాట రాస్తుంటే ఏడుపొస్తోంది.

ఇట్లు, దిగులుతో
అక్క

తా.క.: నా దాంట్లోంచి నీకు కొంత ఇవ్వొచ్చా అని స్వరాజ్యాన్ని అడిగాను. "రక్తమైతె ఎక్కిస్తరు గని గిదెట్ల ఎక్కిస్తరవ్వా" అన్నది.

గోడాదరా
ఏప్రిల్

అక్కకు, నిండు ఆరోగ్యంతో ఉన్న తమ్ముడు రాయునది.

తక్కువ ఉండటమే గొప్ప, అక్కా. గట్టి గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం నెడుతుందట. అందుకని తీరిగ్గా ఉన్నప్పుడు కొద్దిగా కొట్టుకుంటే చాలు. రోజూ కార్ఖానా ఉన్న పాండేసర దాకా సైకిలు తొక్కి, సాంచెల మధ్య తిరిగి తిరిగి నాది అలా తయారైందని డాక్టరమ్మ చెప్పింది. కళ్లు తిరగడం, నీరసం లాంటివి ఉంటేనే భయపడాలట, నాకు ఏమీ లేవు. నీ అంకె చెబితే మాత్రం ఆమె మొహం చిట్లించింది. జర నడవమన్నది.

ఇట్లు, గట్టి గుండె గల
నరహరి

తా.క.: నీ ఉత్తరం చదివి మంగ నా సైకిలుకు తాళం వేసింది. తాళంచెవి ఇవ్వమని నువ్వే రాయాలి.

కొండాపూర్
జులై

తమ్ముడికి ఆశీస్సులు.

నన్ను ఓదార్చడానికి ఎన్ని కథలు చెప్పావురా! నేను ఊరుకుంటానా? నీ అంకె పెరిగేదాకా రోజూ పొద్దున గుట్టెక్కి దర్శనం చేసుకుంటానని మల్లన్నకు మొక్కుకున్నాను. మొదట్లో ప్రతి బండమీదా కూర్చున్నాను. ఇప్పుడు స్వరాజ్యమే నా వెనక రొప్పుతూ వస్తోంది.

అసలు సంగతి విను. మొన్న ఇంట్లో కూర్చుని చూపించుకుంటే నాది డెబ్బై నాలుగే ఉంది. మల్లన్న నా దాంట్లోంచి తీసి నీకిచ్చాడు. ఇస్తే ఇచ్చాడు, నాకు సంతోషమే. నీది ఎంతయిందో వెంటనే రాయి.

ఇట్లు, సగమై మిగిలిన
అక్క

తా.క.: పెరగకపోతే తప్పు నాదే. మల్లన్నకు నీ పాత గది చిరునామా చెప్పాను. తాళంచెవి మంగ దగ్గరే ఉండనీ.

గోడాదరా
శ్రావణం

అక్కకు దండాలు.

యాభై నాలుగే. ముహూర్తం ఇంకా రెండు వారాలుంది. నువ్వు ఎక్కలేనంటే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తాం. కార్ఖానా దోస్తులు సురేశ్, రఘుపతి, ఇంకో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. అక్కా, రా.

నీ నరహరి

తా.క.: మంగను కూర్చోబెట్టి ఒకసారి మోసి చూశారు. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు.

గోడాదరా, మూడో అంతస్తు
నీ కొత్త ఇంటి గడప బయట

తమ్ముడికి,

ఈ ఉత్తరం నీ టిఫిన్ డబ్బాతో పంపుతున్నాను. అన్నం తిన్నాకే చదువు.

అంకె పెరగలేదని తెలిసి ఇక ఆగలేకపోయాను. నిన్ను ఊరికి తీసుకుపోదామని బండెక్కాను. స్టేషన్ నుంచి ఆటోలో వచ్చి, సంచీ నెత్తిన పెట్టుకుని, నిన్ను తిట్టుకుంటూ పైకొచ్చాను. కొత్త ఇంటి గడప కడుగుతున్న మంగ నోరు తెరిచి చూసింది. "వదినె, కుర్చి లేకుంట ఎట్లెక్కినవ్?" అన్నది.

అప్పుడు గుర్తొచ్చింది తమ్మీ, నేను మెట్లెక్కలేని మనిషినని. కనీసం ఆయాసం కూడా రాలేదు. అక్కడే కూర్చుని, సంచీలోంచి నీ ఏప్రిల్ ఉత్తరం తీసి మంగతో కలిసి మళ్లీ చదివాను. ఈసారి అర్థమైంది, గుట్ట ఎక్కీ ఎక్కీ నా గుండె గట్టిపడితేనే నా అంకె తగ్గిందని. మంగా నేనూ నవ్వలేక చచ్చాం, తర్వాత నేను కాసేపు ఏడ్చాను. నిన్ను ఎక్కడికీ తీసుకుపోను. ముహూర్తం దాకా ఉండి పాలు నేనే పొంగిస్తాను. తాళంచెవి ఇప్పించాను, రేపటి నుంచి సైకిలు మీదే పనికి పో.

ఇట్లు, కుర్చీ అక్కర్లేని
అక్క

తా.క.: మొక్కింది నీ కోసం, ఫలం దక్కింది నాకు. మల్లన్నకు నీ కొత్త చిరునామా చెప్పకపోవడమే మంచిదైంది.