అమ్మను ఆపు

మైదుకూరు,
1938

ఒంటిమిట్టలో ఉన్న అక్కకు,

అమ్మ పున్నమికి గాజులు, చీర తీసుకుని ఇక్కడికి వస్తుందట. ఎలాగైనా ఆపు. నాలుగు నెలలు ముట్టు రాకపోయేసరికి ఈసారీ కడుపేనని అందరూ అనుకున్నారు. సోమవారం వచ్చేసింది. పొత్తికడుపు నొప్పితో రెండు రోజులు నేలమీద దొర్లాను.

"బిందెలు మోయొద్దంటే ఇంటివా? మూడోదాన్నీ పోగొట్టుకుంటివే!" అని అత్త వాకిట్లో కూర్చుని ఏడ్చింది. తప్పు నాదేననుకున్నాను.

నిన్న కడపలో డాక్టరమ్మ పరీక్ష చేసింది. నా గడ్డం కింద మొలిచిన వెంట్రుకలు కూడా చూసింది.

"నీకు ఒక్క కడుపూ పోలేదమ్మా, అసలు రానేలేదు. అండాశయాలు సరిగా పనిచేయడం లేదు. అందుకే ముట్టు నెలనెలా రావడం లేదు. ఆలస్యంగా వచ్చినప్పుడు నొప్పి ఇంత ఎక్కువ" అంది.

నేనెవరినీ చంపలేదని ఊపిరి వచ్చింది. అయినా ఏడుపు ఆగలేదు. మూడేళ్లుగా వాళ్లకోసమే ఏడ్చాను కదా. పిల్లలు పుడతారా అంటే, "మందు వాడు, చూద్దాం" అంది. మీ మరిది "మా అమ్మకు నేను చెప్తాలే" అన్నాడు. ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు నా గుబులంతా మన చిన్నది ఓబులమ్మ గురించే. దానికీ మూడేసి నెలలకు వస్తుంది, నొప్పికి పళ్లు బిగబట్టుకుంటుంది. పెళ్లయితే సర్దుకుంటుందని అమ్మ అంటోంది. నాకూ అదే చెప్పింది.

దాన్ని నువ్వే కడపకు తీసుకుపో. సిగ్గుపడి రానంటుంది, వదలకు. లోపలికి కూడా వెంట వెళ్లి చెయ్యి పట్టుకుని కూర్చో. నేను ఒక్కదాన్నే గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను.

నీ చెల్లెలు