నీళ్లు అడగని బ్యాటరీ

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న గుణదలలో మన ఇన్వర్టర్ల షాపుకి మొదటి సోడియం బ్యాటరీ వచ్చింది. "లిథియం మనకెక్కడిదిరా, ఉప్పుకేం కొదవ?" అని నువ్వంటే నవ్వేవాణ్ణి. ఆ ఉప్పులో ఉండే సోడియమే ఇది.

దాన్ని కస్టమర్ ఇంట్లో బిగించి, అలవాటుకొద్దీ డిస్టిల్డ్ వాటర్ సీసా తీశాను. వెనక నుంచి నీ గొంతు వినిపించింది.

"నిండా పోయకురా, ప్లేట్లు మునిగితే చాలు."

"సరే అన్నయ్యా" అంటూ వంగి, నీళ్లు పోసే మూతల కోసం తడిమాను. దీనికి మూతల్లేవు. నీళ్లే అక్కర్లేదు.

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అని ఆ ఇంటావిడ అడిగింది. సీసా సంచిలో పెట్టేశాను.

ఈ ఏడాదంతా పాత బ్యాటరీలకి నీళ్లు పోసేటప్పుడే కదా నువ్వు పలికింది. ఇక అన్ని ఇళ్లలోకీ ఇవే వస్తాయి. అప్పుడు నువ్వెక్కడికొస్తావు?