తలుపు బయట గొంతు

ఫిబ్రవరి 6

ఎడిటర్ ఫోన్ చేశాడు. నవల బాగుందట. ఏడో చాప్టర్ దగ్గర మాత్రం నేను తప్పించుకున్నానట. గుంపు వీధిలోకి వస్తుంది, అంతే, తర్వాతి పేజీలో తెల్లారిపోతుంది. చదివేవాణ్ణి ఇంటి లోపల నిలబెట్టమన్నాడు. అమ్మది ఒక జాతి, నాన్నది ఇంకో జాతి, రెండువైపుల నుంచీ రాయగలిగింది నువ్వొక్కదానివే అన్నాడు.

ఒక్కదానివే అన్నప్పుడల్లా పొగుడుతున్నారో వెలేస్తున్నారో నాకు తేలదు.

ఫిబ్రవరి 9

లైబ్రరీలో మీటింగ్. "రెండు సంస్కృతుల రచయితలు, గాయాల కథలు" అని బ్యానర్ కట్టారు. ఫ్యాన్ గాలికి గాయాలు ఊగుతూ ఉన్నాయి.

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. అమ్మ వాళ్ల మనిషి. మీ నాన్న వాళ్లే కదా చంపింది, ఏ మొహంతో మా ఏడుపు రాస్తారు అని అడిగింది. టీ దగ్గర నాన్న వాళ్ల మనిషి ఒకాయన పక్కకి పిలిచి, మానిన పుండు కెలకడం ఎందుకమ్మా అన్నాడు, ప్రేమగానే.

నాకు రెండు భాషలొచ్చు. రెంటిలోనూ థాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 10

పిన్నిని అడగాలి. అడక్కూడదు.

ఫిబ్రవరి 15

అడిగేశాను.

ఇప్పటిదాకా నా నవలంతా ఇంట్లో అందరూ చెప్పుకునే కథే. గుంపు వీధిలోకి వచ్చిన రోజుకి నాన్న పక్కింటి కుర్రాడు. అమ్మనీ పిన్నినీ తన ఇంట్లో దాచి కాపాడాడు. తర్వాత తన వాళ్లందర్నీ కాదనుకుని అమ్మని పెళ్లి చేసుకున్నాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్ని. ఇప్పటికీ మాతోనే ఉంటుంది. ఆ రోజు చనిపోయిన మావయ్య గురించి మాత్రం ఎవరూ ఎత్తరు.

పిన్ని బట్టలు మడతపెడుతూ చెప్పింది. మావయ్య అక్కచెల్లెళ్లతో పాటు నాన్న ఇంటికి రాలేదట. సొంతింటి అటక మీదే దాక్కున్నాడు. గుంపు ఇల్లంతా గాలించింది, దొరకలేదు. కాసేపు చడీచప్పుడూ లేదు. అప్పుడు ఎవరో పిలిచారట, అమ్మ వాళ్ల భాషలో. నాన్న ఇంటి లోపలి గదిలో కూర్చున్న పిన్నికి గోడ అవతలి నుంచి స్పష్టంగా వినపడింది.

"చిన్నోడా, దిగిరా. వాళ్లు వెళ్లిపోయారు."

మావయ్య దిగాడు. వాళ్లు వెళ్లలేదు.

పిలిచింది మనవాడే, వెనకింటి దర్జీ అంది పిన్ని. ఆ వీధిలో మన భాష వచ్చిన మగాడు ఇంకెవరున్నారు అంది. దర్జీ చచ్చిపోయేదాకా అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ షాపు అతని కొడుకుది. బజారుకి వెళ్లాలంటే దాన్ని తప్పించుకుని చుట్టు తిరిగి వెళ్తుంది. మోకాళ్ల నొప్పులతో.

మడతపెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మడతపెట్టింది. నాన్న చొక్కా.

ఫిబ్రవరి 18

ఒక్క ఊపున రాశాను. దర్జీ గొంతు దొరికాక మావయ్య అటక దిగే పేరా దానంతటదే నడిచింది. మళ్లీ చదువుకుని సంతోషపడ్డాను. మావయ్య చావు రాసి సంతోషపడ్డాను.

దర్జీ సంగతి చెప్తే ఎడిటర్ మెసేజ్ పెట్టాడు. సొంతవాడే ద్రోహం చెయ్యడం గొప్ప ట్విస్ట్ అట.

ఫిబ్రవరి 21

నాన్నకి చూపు తగ్గింది. ఏం రాసినా చదివి వినిపించమంటాడు. ఇది వద్దులే అన్నాను. పట్టుబట్టాడు. పిన్ని ఇంట్లో లేదు.

దర్జీ పిలిచే చోట చెయ్యెత్తి ఆపాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను. దర్జీ కొడుకు అక్కడే ఉన్నాడు కదా అన్నాడు. ఉన్నాడన్నాను. పుస్తకం చదువుతాడా అన్నాడు. చదవొచ్చు, వాళ్ల పిల్లలైనా చదువుతారు అన్నాను.

కాగితాలు పక్కన పెట్టమన్నాడు. తర్వాత అమ్మ భాషలో అన్నాడు.

"ఆ గొంతు నాదమ్మా."

గుంపు నాన్న గుమ్మం ముందుకి వచ్చి నిలబడిందట. కుర్రాణ్ణి ఇవ్వు, నీ ఇంట్లో అడుగుపెట్టం అన్నారట. లోపల గదిలో అక్కచెల్లెళ్లిద్దరూ ఉన్నారు. నాన్నకి ఆ భాష వచ్చని అప్పట్లో అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. పెళ్లయ్యాక నేర్చుకున్నాడనే పిన్ని ఇప్పటికీ అనుకుంటోంది. పిట్టగోడ దగ్గర నిలబడి అమ్మ దగ్గర ఒక్కో మాటా నేర్చుకున్నాడు, ప్రేమతో. నాకు అమ్మ భాష నేర్పింది కూడా ఆయనే. అమ్మ పోయాక, ఒళ్లో కూర్చోబెట్టుకుని. రా. పో. దిగు. భయం లేదు. నేను నవల రాసింది ఆ భాషలోనే.

అమ్మకి తెలుసా అని అడిగాను.

ఆ మాటలు నేర్పింది తనే కదా అన్నాడు.

ఫిబ్రవరి 22

ఎడిటర్ ఫోన్. ఎత్తలేదు.

ఫిబ్రవరి 25

రాసింది రాసినట్టే పంపితే చచ్చిపోయిన దర్జీ మీద అబద్ధం అచ్చవుతుంది. మార్చి పంపితే పిన్ని అందరితోపాటు పుస్తకంలో చదివి తెలుసుకుంటుంది. ఆపేస్తే పిన్ని ఎప్పట్లాగే బజారుకి చుట్టు తిరిగి వెళ్తుంది, వచ్చి నాన్నకి అన్నం పెడుతుంది.

లైబ్రరీలో ఆవిడ ఏ మొహంతో అని అడిగింది. ఆ పిలుపు లేకపోతే అమ్మ లేదు, నేను లేను. ఈ మొహంతోనే.

నాన్న మార్చమన్నాడు. పిన్నికి ఎవరు చెప్పాలో మాత్రం అనలేదు.

ఫిబ్రవరి 27, మధ్యాహ్నం

చెప్పాను. వంటింట్లో. పిన్ని స్టవ్ కట్టేసి మొత్తం వింది. ఏడవలేదు. దర్జీ కొడుకు ఇవాళ షాపు తీశాడా అని అడిగింది. చెప్పులేసుకుని వెళ్లింది. అక్కడ ఏం మాట్లాడిందో తెలీదు. తిరిగొచ్చి, హాల్లో కూర్చున్న నాన్నని దాటి, తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

చాప్టర్ మార్చి పంపేశాను.

ఫిబ్రవరి 28

గడియ తీయలేదు. పొద్దుట్నుంచీ నాన్న ఆ తలుపు బయటే నిలబడి ఉన్నాడు. పిలవాలి. ఏ భాషలో పిలవాలో తెలీక నావైపు చూస్తున్నాడు.