టీ కూలి కాదు

2001 ఏప్రిల్ 2, సోమవారం

నిర్ణయం అయిపోయింది! చిట్టిబాబు షెడ్డును ఈ నెలలోనే చట్టంలో పెట్టేస్తాను.

చిట్టిబాబు మా వదినగారి చెల్లెలి కొడుకు. నన్ను బాబాయి అంటాడు. ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు, ఐదుగురు పనివాళ్ళు. లేబరాఫీసరు ఆ వీధికి వస్తున్నాడని ఎవరో చెవిన వేశారట. కనీస వేతనాల చట్టం నువ్వేమైనా చదివావా బాబాయి అంటూ నిన్న ఇంటికొచ్చాడు.

చదవలేదు. ఐదో తరగతితో నా బడి సరి. కానీ ఏలూరు కాలువ లాకుల దగ్గర లస్కరుగా తలుపులు ఎత్తుతూ దించుతూ, పడవలు రాని వేళ పొట్లాం కాయితాల నుంచి పంచాంగం దాకా చదివినవాణ్ణి. చట్టం ఓ లెక్కా! ఏలూరు రోడ్డు పేవ్‌మెంటు మీద తెలుగు పుస్తకం దొరికింది. మొదటి యజమానెవరో ఎర్రసిరాతో గీతలు కూడా గీసిపెట్టాడు, పుణ్యాత్ముడు.

నియమాలు: రోజుకో సెక్షను. పది నిమిషాలు. మాటలో మాట రానివ్వను.

మూడోది విని మా ఆవిడ చేటలో బియ్యం వదిలేసి మరీ నవ్వింది.

ఏప్రిల్ 3

భేష్! కూలి రేట్లు అందరికీ కనబడేట్టు బోర్డు పెట్టాలి అన్నాను. చిట్టిబాబు ఒప్పుకున్నాడు. లారీల మీద బొమ్మలు వేసే పెయింటరే రాశాడు. రేట్ల కింద రెండు తామరపువ్వులు, ఓ చిలక. చట్టంలో చిలక వద్దని ఎక్కడా లేదు.

పన్నెండు నిమిషాలు. ఆ రెండూ చిలక ఖాతా.

ఏప్రిల్ 4

కూలి డబ్బుగానే ఇవ్వాలి. ఇక్కడొచ్చింది పేచీ. బోర్డు రేటు కన్నా చిట్టిబాబు ఇచ్చేది రోజుకి పాతిక తక్కువ. ఆ పాతికా రెండు టీలకీ సాయంత్రం పునుగులకీ సరిపోయిందంటాడు. పుస్తకం తీసి చదివి, చివర నా మాటగా గట్టిగా చెప్పాను.

"టీ కూలి కాదురా చిట్టిబాబూ. టీ మర్యాద."

చెక్కలకు పుట్టీ పెట్టే శౌరమ్మ చెయ్యి ఆపి విన్నది. నేను బయల్దేరితే గేటు దాకా వెంట వచ్చింది. పక్క షెడ్డువాళ్ళు పూర్తి రేటు ఇస్తామని పిలుస్తున్నారట. మొగుడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు చిట్టిబాబు చేసిన మేలు మరవలేక ఆగిందట. ఈస్టరు ముందు శనివారం బట్వాడాలో పూర్తి కూలి చేతిలో పడితే ఉంటుంది. పడకపోతే పండగయ్యాక అటు పోతుంది.

పూచీ నాది అన్నాను.

ఏప్రిల్ 6

సెక్షను: వారానికో సెలవు. సెలవు అనగానే లాకు గుర్తొచ్చింది. లాకుకి సెలవెక్కడిది! ఆ మాట మీద, పెళ్ళివారి పడవ లాకులో ఇరుక్కున్న సంగతి వచ్చింది. వెనక తలుపు మూసుకుంది, ముందు తలుపు గొలుసు తెగింది. పెళ్ళికొడుకు నీళ్ళ మధ్య, పెళ్ళికూతురు గట్టు మీద, ముహూర్తం నెత్తి మీద. పనివాళ్ళందరూ సుత్తులు పక్కనపెట్టి చుట్టూ చేరారు. పురోహితుడు గట్టు మీంచి కేకలేసి మంత్రాలు చెప్పే చోటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. తాళి సంగతి తర్వాత అన్నాను.

పది నిమిషాల ఊసు ఇవాళ రాయను.

ఏప్రిల్ 7, శనివారం, బట్వాడా

ఘోరం. కథ విన్నందుకు చిట్టిబాబు అందరికీ అర పూట కూలి కోశాడు!

శౌరమ్మ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని నా వంక చూసింది. "చట్టం వచ్చాక ఇంకా తగ్గిందండీ, పెద్దాయనగారూ."

కథ విన్నందుకు కూలి ఇవ్వాలని పుస్తకంలో ఉందేమో చూపించమంటాడు చిట్టిబాబు. అట్ట నుంచి అట్ట దాకా వెతికాను. లేదు. ఎర్రసిరా ఆయనకి కూడా తట్టలేదు.

ఏప్రిల్ 9

మళ్ళీ మొదలు. ఈసారి బుగ్గన వక్క పెట్టుకెళ్ళాను, నోరు ఖాళీ లేకుండా.

హనుమాన్ జంక్షన్ నుంచి వెంకటకృష్ణారావు గారొచ్చారు. ఆయన లారీకి తలుపులింకా ఎక్కలేదు. మనిషి మండిపోతూ అడ్వాన్సు వెనక్కిమ్మన్నారు. చిట్టిబాబు మొహం చూడలేక వక్క ఉమ్మేసి, తలుపులంటే గుర్తొచ్చిందండీ అన్నాను. అంతే. సాయంత్రం దాకా కూచున్నారు. పెళ్ళికొడుకు తాడు పట్టుకుని గట్టెక్కబోయిన చోట నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. వెళ్తూ రెండో లారీకి బేరం కుదుర్చుకున్నారు.

నాకు స్పెషల్ టీ, ప్లేటు నిండా పునుగులు. పనివాళ్ళు సుత్తులు దించలేదు. చెవులు మాత్రం ఇటే.

ఏప్రిల్ 10

చిట్టిబాబు నాకు కుర్చీ వేయించాడు. దిండుతో సహా. సెక్షను రేపు.

ఏప్రిల్ 11

గుడివాడ నుంచి ఇంకో లారీ ఆయన. పునుగుల్లోకి అల్లం చట్నీ. చట్టం 1948 నుంచీ ఉంది, ఒక్క రోజులో పాచిపోదు.

ఏప్రిల్ 12

పుస్తకం టీ గ్లాసు కింద కనబడింది. ఎర్రగీతల మీద గుండ్రటి మరక. రేపు తప్పకుండా.

ఏప్రిల్ 13, గుడ్ ఫ్రైడే

శౌరమ్మ రాలేదు. ఆమె కూచునే చోటు చూస్తే నా పూచీ గుర్తొచ్చింది. చిట్టిబాబుని కదిపాను. పండగ పోనీ బాబాయి, చూద్దాం అంటూ పునుగుల ప్లేటు ముందుకు తోశాడు.

తిన్నాను. తినకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 14, శనివారం, బట్వాడా

శౌరమ్మ చెయ్యి చాపే ముందు ఆగి, పెద్దాయనగారికి బట్వాడా లేదా అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"బాబాయికి కూలేంటి శౌరమ్మా? మా ఇంటి మనిషి. టీ, పునుగులు దగ్గరుండి పెట్టిస్తున్నాగా."

"టీ కూలి కాదని ఆయనే అన్నారండీ."

నవ్వు ఆగింది. నాకు చెవుల దాకా సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఓ ఆలోచన. దిండు వదిలి లేచి, వెళ్ళి శౌరమ్మ వెనక వరసలో నిలబడ్డాను.

"సోమవారం నుంచి నీ బేరాలు పోకుండా వచ్చినవాళ్ళని కూచోబెడుతున్నాను. నా బట్వాడా చెయ్యి. బోర్డు రేటు."

చిట్టిబాబు చిలక వంక చూశాడు. కబుర్లు చెప్పే బాబాయికి పూర్తి రేటిచ్చి, ఒళ్ళు వంచే మనిషికి తక్కువిస్తే వీధిలో తలెత్తుకోలేడు. ఇవ్వనంటే బాబాయి పోతాడు, రావుగారి రెండో లారీ కూడా పోతుంది. తల గోక్కున్నాడు. ఏ పాపం ఎరగని పునుగులవాణ్ణి తిట్టాడు. చివరికి శౌరమ్మకి పూర్తి రేటు, పోయినవారం అర పూటతో సహా. మిగతా నలుగురికీ అంతే. వెనకటి తేడాలు నెలకింతని తీరుస్తాడట. నాకూ ఇచ్చాడు, పళ్ళు కొరుకుతూ.

శౌరమ్మ ఈసారి నోట్లు లెక్కపెట్టకుండా కొంగున కట్టుకుంది. ఉంటావా అని అడిగాను.

"ఆ పెళ్ళి అయిందో లేదో తెలియకుండా ఎక్కడికి పోతానండీ."

ఏప్రిల్ 16, సోమవారం

మళ్ళీ నిర్ణయం! ఈసారి ఎదుటి అంతోని రేడియేటర్ల షాపు. పొద్దున్నే వెళ్ళి, బోర్డు సెక్షను సరిగ్గా పది నిమిషాల్లో చెప్పి వచ్చాను. మాటలో మాట రాలేదు. నేనే నమ్మలేకపోయాను.

తిరిగొచ్చేసరికి చిట్టిబాబు నాకు అర పూట కోశాడు. గుడివాడ ఆయన వచ్చి, కబుర్లు లేక విసుక్కుని వెళ్ళిపోయాడట. పని వదిలి చట్టం చెప్పడానికి పోయావుగా బాబాయి అంటాడు!

పుస్తకం తిరగేశాను. నా అర పూటకి దారి దొరకలేదు గానీ, ఇంకోటి దొరికింది. మధ్యాహ్నం విరామం. అందులో ఏం మాట్లాడుకోవాలో చట్టం చెప్పలేదు. రేపు అన్నాల వేళకి ఆ పెళ్ళి జరిపించేస్తానని శౌరమ్మతో చెప్పాను. అంతోని మనుషులు కూడా క్యారేజీలు పట్టుకుని వస్తారట.

లేబరాఫీసరు ఇంకా రాలేదు. వస్తే చిలకను చూపిస్తాం.

నియమాలు పాతవే. అన్నాలయ్యాక మొదలు.