సీల్ తీయని బామ్ డబ్బా

జనవరి 4, ఆదివారం

సైట్ బస్సు భూమేశ్ చేతికొచ్చింది. మా ఊరివాడే, ఇక్కడ గల్ఫ్‌లో, బహ్లా క్యాంపులో రూమ్ కూడా ఒకటే. లైసెన్స్ టెస్టుకు ఇద్దరం కలిసే వెళ్ళాం. రివర్సులో నేను వరసగా పెట్టిన డ్రమ్ములన్నీ పడగొట్టాను. వాడు ఒక్కదానికీ తగలకుండా బయటికొచ్చాడు. ఇప్పుడు వాడికి ఏసీ, నాకు సిమెంటు.

జనవరి 6

అందరూ వాణ్ణి డ్రైవర్ సాబ్ అంటున్నారు. నేనూ అన్నాను, సాగదీసి.

కొత్త బామ్ డబ్బా కొన్నాను. వాడి దిండుకు రుద్దాలి. పోయినేడు మా రూమ్‌లోని నర్సింగ్ తువ్వాలకు నేను రుద్దితే వాడు కళ్ళు మండి పొద్దంతా ఏడ్చాడు. రూమంతా ఒకటే నవ్వు.

జనవరి 8

సాయంత్రం బస్సు దిగుతూ భూమేశ్, లైట్ల చుట్టూ రంగురంగుల రింగులు కనబడుతున్నాయన్నాడు. తల ఒక పక్క గుంజుతోందట. డ్రైవర్ సాబ్ వస్తున్నాడని లైట్లు కిరీటాలు పెట్టుకున్నాయన్నాను. అందరూ నవ్వారు, వాడు తప్ప.

దిండు పని రేపు.

జనవరి 9, పొద్దున

శుక్రవారం, డ్యూటీ లేదు. భూమేశ్ తల పట్టుకుని మంచం మీద దొర్లుతున్నాడు. ఎడమ కన్ను చింతనిప్పు. నర్సింగ్ నన్ను చూపించి పడిపడి నవ్వాడు, గణపతన్న బామ్ పెట్టిండని. కన్ను కడిగించి పడుకోబెట్టారు.

నేను పెట్టలేదు. డబ్బా నా పెట్టెలోనే ఉంది. కానీ కాదనలేదు. ఆ నవ్వు బాగుంది.

జనవరి 9, సాయంత్రం

మధ్యాహ్నం రెండుసార్లు కక్కుకున్నాడు. పైత్యమని నర్సింగ్ నిమ్మకాయ నీళ్ళిచ్చాడు. బామ్‌కు కక్కులొస్తాయా? బామ్ లేదని తెలిసింది నాకొక్కడికే. అయినా కూర్చుని అన్నం తిన్నాను. కన్ను పోతే బస్సు పోతుంది. ఆ బస్సు నాకు రాదు, తెలుసు. వాడికీ ఉండొద్దనిపించింది.

ఏడిపిద్దామని ఫోన్ టార్చి కళ్ళలోకి కొట్టాను. కుడి కంటిపాప చటుక్కున చిన్నదైంది. ఎడమది పెద్దగా, అట్లాగే నిలబడిపోయింది. మీద పొగ కమ్మినట్టుంది.

"అన్నా, ఈ కంట్ల నీ మొకం కనిపిస్తలేదే," అన్నాడు.

పెట్టె తెరిచి డబ్బా తెచ్చి అందరి ముందు పెట్టాను.

"ఇగో, సీల్ గూడ తియ్యలే. నేనేం జెయ్యలే. అమ్మతోడు, వాని కన్ను నిజంగనే పోతున్నది."

నర్సింగ్ డబ్బా తిప్పితిప్పి చూశాడు. ఇది కూడా జోకేనా అన్నాడు. ఫోర్‌మన్ ఖాదర్ మాత్రం ఆస్పత్రికని పికప్ తాళాలు అందుకున్నాడు.

జనవరి 10

అక్యూట్ గ్లాకోమా అట. కంట్లో నీళ్ళు బయటికిపోయే దారి ఒక్కసారిగా మూసుకుపోయి, ప్రెషర్ పెరిగి, లోపలి నరం నలిగిపోతుందట. మందు చుక్కలు, ఇంజెక్షన్‌తో దించారు. కన్ను తేటపడ్డాక లేజర్‌తో లోపల సన్న రంధ్రం పెట్టారు. రెండో కంటికి రాకుండా దానికీ పెడతారు. ఇంకా ఆగితే చూపు తిరిగొచ్చేది కాదన్నది డాక్టరమ్మ. ఎవరు గుర్తుపట్టారని అడిగితే భూమేశ్ నన్ను చూపించాడు. నేను గోడ చూశాను.

రూమంతా వాడికి ఆపిల్స్ తెచ్చింది. నా చేతిలో ఒక్కటీ పెట్టలేదు.

ఫిబ్రవరి 15

భూమేశ్ ఇక బండి నడపొచ్చన్నారు డాక్టర్లు. నన్ను పక్క సీట్లో కూర్చోమన్నాడు. లైట్లకు రింగుల్లేవన్నాడు.

ఏసీ గాలి వాడి వైపే ఎక్కువొస్తుంది.