పత్తి మిల్లులో వినిపించిన పేరు

శనివారం, రాత్రి

మధ్యాహ్నం సురేష్‌తో కలిసి మూతపడిన పత్తి మిల్లుకు వెళ్లాను. కాలేజీలో నాతోపాటే ఫిజిక్స్ చెబుతాడు, సెలవు రోజుల్లో మాత్రం దెయ్యాలను వెతుకుతాడు. విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పట్టే ఈఎంఎఫ్ మీటరు గోడ దగ్గర పెట్టగానే ఎర్రలైటు వెలిగింది, దెయ్యం ఉన్నట్టేనట. గోడ వెంట కాపలా గదికి పోయే కరెంటు తీగను నేను చూపిస్తే నవ్వేసి రికార్డర్ తీశాడు. మన చెవికి అందని గొంతులు అందులో పడతాయట. వాటిని ఈవీపీ అంటారట.

పావుగంట రికార్డు చేసి విన్నాం. రేకులు గీసుకున్న చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు.

"ఆ గొంతు 'మరియమ్మా' అంటోంది, సరిగ్గా వినండి," అన్నాడు సురేష్. ఆ తర్వాత నాకూ అలాగే వినిపించింది! ముందే చెబితే చెవి అదే వింటుందని పిల్లలకు చెప్పేది నేనే.

మా వెంటే ఉన్న మరియమ్మ ఆ మిల్లుకు కాపలా ఉంటుంది. అందులోనే పనిచేసిన ఆమె భర్త పోయి మూడేళ్లయింది. రికార్డర్ చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు వింది. భర్తే పిలిచాడని నమ్మేస్తుందేమోనని భయం వేసి, వివరించబోయాను. ఈలోగా ఆమే తల అడ్డంగా ఊపింది.

"మా ఆయన కాదండి. కాపురం చేసినన్నాళ్లూ ఏమే అనేవాడు గానీ, ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు."

సురేష్ రికార్డర్ కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"ఇంకోసారి పెట్టండి సార్."

"ఆయన కాదన్నావుగా?" అన్నాను.

"ఎవరైతే ఏమండి, పేరు పెట్టి పిలిచారు గదా," అంది.

ఆమె చేతిలో ఉండగానే మీట నొక్కి సురేష్ మళ్లీ పెట్టాడు. వివరణ మానేసి నేనూ దగ్గరికి జరిగి విన్నాను.