సారు బండికి బ్రేకులు

1979 మే 27, ఆదివారం

ఆదోనిలో బుర్ర ఉన్నవాడు ఒక్కడు దొరికినా ఈ డైరీ రాసే బాధ తప్పేది. అతనితోనే మాట్లాడుకునేవాణ్ణి.

మా చెల్లెలు కృష్ణకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడికి టీచరు. జూలై 2న చేరాలి, లేదంటే ఆ పోస్టు లిస్టులో తర్వాతి పేరుకు పోతుంది. ఆమెకు ఎడమకాలు చిన్నప్పుడే చచ్చుబడింది. రష్షుగా ఉన్న బస్సు ఎక్కలేదు, ఎక్కనిచ్చే మనుషులూ లేరు. బి.ఎడ్. చేసి తొమ్మిదేళ్లు ఇంట్లో కూర్చుంది. ఇక కూర్చోదు. పెరట్లో రెండేళ్లుగా నేను సొంతంగా కడుతున్న కారు ఆమెకోసమే. ఇంజను ఉంది, చాసిస్ ఉంది, సీట్లు ఉన్నాయి. స్ప్రింగులు, బ్రేకులు మిగిలాయి. అంటే బండి పోతుంది, ఆగదు.

ఎమ్మిగనూరులో గది తీసుకుంటే పోతుంది గదా అని మా ఆవిడ సరస్వతి సలహా. అక్కడ నీళ్లు ఎవరు తోడిపెడతారు? ఆలోచించడం ఆమెకు అలవాటు లేదు.

జూన్ 3

పాత జీపు స్ప్రింగులు తెచ్చాను, ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు. లారీలు బాగుచేసే యేసేపు వాకిట్లో నిలబడి చూశాడు. వీడు పదో తరగతిలో నా దగ్గరే సైన్సు తప్పాడు. పద్దెనిమిది మార్కులు. వేసింది నేనే. సార్, మీ బండి తేలిక గదా, ఇన్ని పట్టీలు యాల, ఒక్కో పక్క రెండు తీసెయ్యండి అని చెప్పాడు. హుక్ సూత్రం రాయలేనివాడు నాకు స్ప్రింగుల పాఠం చెబుతాడు! పట్టీలన్నీ బిగించాను.

జూన్ 5

హ్యాండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుని వీధి చివరిదాకా తోలాను. తల రెండుసార్లు టాపుకు కొట్టుకుంది.

జూన్ 6

పక్కకు రెండేసి పట్టీలు తీసేశాను. ఇది నా సొంత నిర్ణయం.

జూన్ 16, శనివారం

బ్రేకాయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులు బళ్లారిలో తప్ప దొరకవట. యేసేపు స్పేర్ల కోసం పోతూ నాకూ ఒక సెట్టు తెచ్చాడు. అరుగు మీద పొట్లం విప్పి, ఒక్కో కప్పునూ వేళ్లతో నొక్కి, బాగుండాయి సార్ అని చూపించి ఇచ్చాడు. వాడు వెళ్లగానే లోపలినుంచి సరస్వతి, పొట్లం మీద నీళ్లు చల్లి లోపలికి తెమ్మంది. నవ్వొచ్చింది. రబ్బరుకు మడి! అరగంట క్లాసు పీకాను. చదువుకున్నవాడి ఇంట్లో ఇంత మూఢత్వమా అని సిగ్గుపడ్డాను కూడా.

తర్వాత గిన్నెలో కిరసనాయిలు పోసి కప్పులన్నీ నానేశాను. ఆ చేతులు ఎక్కడెక్కడ తిరిగాయో ఎవరికి తెలుసు. మడి వేరు, శుభ్రత వేరు.

జూన్ 17

కప్పులు భలే బిగువుగా కూర్చున్నాయి. బొటనవేలితో నెట్టాల్సి వచ్చింది. సరుకు మంచిదే. వాడికి తెలియకుండానే మంచిది తెచ్చినట్టున్నాడు.

జూన్ 24, ఆదివారం

బ్రేకు గొట్టాల్లో గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు పైన కూర్చుని పెడల్ నొక్కిపట్టాలి, ఇంకొకరు కింద చక్రం దగ్గర నట్టు విప్పి బిగించాలి. యేసేపు వస్తానన్నాడు, అక్కర్లేదన్నాను. లెక్కల మాస్టరును పిలుద్దామంటే సెలవులకు ముందు స్టాఫ్ రూములో అతన్ని గుమాస్తా అన్నాను. ఎదురింటి భీమరావు నన్ను చూస్తేనే తలుపేసుకుంటాడు. ఇంత పెద్ద ఊళ్లో పెడల్ నొక్కడానికి పనికొచ్చే మనిషి లేడు.

చివరికి కృష్ణే వచ్చి కూర్చుంది. రెండు గంటలు నొక్కింది. అంతా అయ్యాక, అణ్ణా, తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతాంది అని చెప్పింది. దిగదు, నీ కాల్లోనే బలం లేదు అన్నాను. ఇది నా మంచికాలు అని చెప్పి దిగి లోపలికి పోయింది. నేను ఒకసారి తొక్కి చూశాను. గట్టిగానే ఉంది.

జూన్ 29, శుక్రవారం, సాయంత్రం ఆరు



కృష్ణను ఎక్కించుకుని ట్రయల్‌కు పోయాను. స్ప్రింగులు బాగా ఆడుతున్నాయి, కుదుపు లేదు. ఆమె కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి కూర్చుంది. చాలా ఏళ్ల తర్వాత నవ్వింది. దూరంలో రైల్వే గేటు వేసి ఉంది, గూడ్సు వస్తోంది. బ్రేకు తొక్కాను, పట్టింది. అలాగే తొక్కి ఉంచాను. కాలికింద పెడల్ దిగుతూ దిగుతూ అడుక్కు పోయింది. మళ్లీ తొక్కాను. ఏమీ లేదు. అమ్మా అని అరిచింది నేనే, ఆమె కాదు. ఆమె రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు పట్టి లాగింది. గేటు కమ్మీకీ బండికీ మధ్య జానెడు లేదు. గూడ్సు పోయాక హ్యాండ్ బ్రేకు మీదే మెల్లగా ఇంటికి తెచ్చాను.

యేసేపుకు చూపించకపోతే మళ్లీ ఎక్కనని ఇంటికొచ్చాక చెప్పింది.

జూన్ 30

యేసేపు వచ్చి విప్పాడు. కప్పులు ఉబ్బిపోయి అంచులు మడతపడ్డాయి. అరచేతిలో పెట్టుకుని చూసి, దేంతో కడిగినారు సార్ అని అడిగాడు. కడగలేదు, నువ్వు తెచ్చిందే నాసిరకం అన్నాను. అప్పుడే ఇంకో సెట్టు ఎక్కువ తెచ్చిపెట్టినా, రేపు వేస్తా సార్ అన్నాడు. తల ఎత్తలేదు.

కృష్ణ గుమ్మంలోంచి అంతా విన్నది. కోపం వస్తే ఆమె మా ఇంటి కన్నడంలోకి దిగుతుంది. రబ్బరు కిరసనాయిలులో ఉబ్బుతుందని ఏటా ఎనిమిదో తరగతికి చేసి చూపించేది నువ్వే గదా, మరి ఎందుకు కడిగావు అని అడిగింది. శుభ్రత అన్నాను. నువ్వే బళ్లారి పోయి అంగట్లో కొనుక్కొచ్చి ఉంటే కడిగేవాడివా అంది.  వదిన నీళ్లు చల్లమంది, నువ్వు కిరసనాయిలు పోశావు, ఆమె ఆ మాట పైకైనా చెప్పింది, నీకు అదీ చేతకాలేదు అంది. యేసేపుకు నీ నోటితో చెబితేనే బండి ఎక్కుతానంది. లేకపోతే ఉద్యోగం పోతే పోనీ అంది.

ఈ ఊళ్లో వెధవలందరి గురించీ ఇన్నాళ్లూ ఇందులో రాశాను. ఒకడి పేరు వదిలేశాను.

జూలై 1, ఆదివారం

చర్చి వదిలేదాకా ఎదురుగా ఎండలో నిలబడ్డాను. నా పాత విద్యార్థులు చాలామంది నమస్కారం పెట్టుకుంటూ పోయారు. ఇంతమంది అక్కడికి పోతారని నాకు తెలియదు.

యేసేపు ఆదివారం బట్టలు మార్చుకుని వచ్చాడు. కొత్త కప్పులు బ్రేకాయిల్‌లో ముంచి వేశాడు. నేను పెడల్ దగ్గర కూర్చున్నాను, అతను బండి కింద పడుకున్నాడు. ముఖం కనబడదు కాబట్టి చెప్పగలిగాను. కడిగింది నేనే అని, ఎందుకు కడిగానో కూడా చెప్పాను. నిన్న అబద్ధం ఆడానని చెప్పాను.

తెలుసు సార్ అన్నాడు. నట్టు బిగిస్తూ, కాలు తియ్యొద్దండి, అట్లే పట్టుకోండి అన్నాడు.

జూలై 2

కృష్ణ చేరింది. దారిపొడవునా ఆమె చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదే ఉంది. దిగాక, సాయంత్రం ఐదుకు రమ్మంది.

నాలుగున్నరకే పోతాను.